మందుపిల్లి ఆకులు

“ముసలి వైద్యురాలు అరటికాయ బాగా నమిలి, గాయపడిన పిల్లి భుజానికి పూసింది.”

హైదరాబాదు నుంచి వచ్చిన ఫైలు మూడో పేజీలో ఈ వాక్యం చూసి నేను ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. అది పిల్లల నవల. ఎక్కడో చలిదేశపు అడవిలో గుంపులుగా బతికే అడవిపిల్లుల కథ. గుంపుకొక వైద్యురాలు ఉంటుంది. అది వేటకి వెళ్ళదు, పోట్లాటలకి వెళ్ళదు. ఆకులు ఏరుకొచ్చి రాతి సందులో దాచుకుని, దెబ్బలు తగిలిన పిల్లులకీ జ్వరాలొచ్చిన పిల్లులకీ మందు వేస్తుంది. ఇంగ్లీషులో ఉన్న ఆ పుస్తకాన్ని ప్రచురణకర్తలు ముందు కంప్యూటరు చేత తెలుగు చేయించి, ఆ తెలుగుని మనుషులు చదివే తెలుగుగా మార్చమని నాకు పంపారు. ఇంగ్లీషులో ఉన్న మాట ప్లాంటేన్. అక్కడ దారుల పక్కన మొలిచే ఒక కలుపుమొక్క పేరది. కంప్యూటరుకి తెలిసిన ప్లాంటేన్ మాత్రం కూర అరటికాయ ఒక్కటే.

నవ్వడం అయ్యాక భయం పట్టుకుంది. పుస్తకంలో అలాంటి మొక్కలు పధ్నాలుగు ఉన్నాయి. ఒక్కటీ మన నేల మీద మొలిచేది కాదు.

నేను పుట్టి పెరిగింది బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోనే. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి రైలు పని కోసం ఇక్కడికి వచ్చారు. ఇరవై ఆరేళ్ళు ఇక్కడి పిల్లలకి బళ్ళో తెలుగు చెప్పాను. ఏటేటా పిల్లలు తగ్గుతూ వచ్చి, ఆఖరి ఏడు తరగతిలో నలుగురు మిగిలారు. ఆ నలుగురూ వెళ్ళిపోయాక తెలుగు సెక్షను ఎత్తేసి నాకు లైబ్రరీ తాళాలు ఇచ్చారు. రిటైరయ్యేదాకా హిందీ పుస్తకాల మీద దుమ్ము దులిపాను. అందుకని ఈ పని వచ్చినప్పుడు కళ్ళు మూసుకుని ఒప్పుకున్నాను. నాకు వచ్చింది పాఠ్యపుస్తకాల తెలుగే కాని ఆకుల తెలుగు కాదు, ఆ సంగతి పనిలో దిగాక గాని తెలియలేదు.

ఆకుల తెలుగు తెలిసిన మనిషి మా వీధికి రెండు వీధుల అవతల ఉంది. మా అమ్మకి స్నేహితురాలు, నేను పిన్ని అని పిలుస్తాను. ఎనభై దాటాయి. పదిహేనేళ్ళ వయసులో పాలకొండ పక్క పల్లె నుంచి పెళ్ళికూతురిగా వచ్చింది. భర్త గేంగుమన్, రైలు పట్టాలు బాగుచేసే పని. ఆయన్ని కట్నీ లైనులో కోటా అనే ఊరికి వేసినప్పుడు అక్కడ ఏడేళ్ళు ఉన్నారు. కోటా సంతలో ఆకులూ వేళ్ళూ అమ్మే ఒక బైగా తెగ ఆడమనిషితో పిన్నికి స్నేహం కుదిరింది. పుట్టింట్లో తల్లి దగ్గర నేర్చిన దానికి ఆ నేర్పు తోడైంది. ప్రతి మొక్కకీ ఆవిడ దగ్గర రెండు పేర్లు ఉంటాయి, ఒకటి ఇంటిది, ఒకటి ఛత్తీస్‌గఢీది. భర్త పోయాక చిన్నకొడుకు క్వార్టర్లో ఉంటోంది. కొడుక్కి రైలింజన్ల షెడ్డులో డ్యూటీ. కోడలు ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది కాని హిందీలోనే జవాబిస్తుంది. మనవలకి అదీ లేదు.

నేను ఫోను పట్టుకుని వెళ్ళి, పిల్లుల కథ రాస్తున్నానని, ఆ పిల్లుల్లో ఒక మందుపిల్లి ఉందని చెప్పాను. పిన్ని నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

“ఆడదా మొగదా?” అని అడిగింది.

“ఆడది. ముసలిది. పిల్లలు పుట్టడం ఆగిపోయాకే వైద్యం నేర్చుకుంటుంది.”

“అచ్ఛా. మరి దెబ్బ ఎక్కడ తగిలినాది?”

“భుజం మీద పిన్నీ.”

“అలగయితే ఇనుకో. పిల్లికి ఏ మందు రాసినా నాకీస్తాది. నాలిక అందిన కాడల్లా నాకుతాది. అంచేత మీద రాసినదే కడుపులోకి ఎల్తాది. తింటే సెడుపు సేసీ ఆకు పిల్లి మీద రాయకూడదు. అంత మందు తెలిసిన పిల్లికి ఆ మాత్రం తెల్దేటి?”

పుస్తకం రాసిన మనిషికి కూడా ఈ ఆలోచన వచ్చినట్టు లేదు. నేను నోటుపుస్తకం తెరిచి రాసుకోవడం మొదలుపెట్టాను.

ఆ చలికాలం అంతా వారానికి మూడు మధ్యాహ్నాలు పిన్ని వాకిట్లోనే గడిచాయి. కోడలు టీ ఇచ్చి లోపలికి పోయేది. నేను ఒక అధ్యాయం చదివి వినిపించేదాన్ని. ఆకు పేరు వచ్చిన చోట ఆగి, అది దేనికి వాడారో చెప్పేదాన్ని. ఫోనులో బొమ్మ చూపిస్తే పిన్ని తలైనా తిప్పేది కాదు. “మొకం సూసి ఏటి సేస్తాను, పని సెప్పు” అనేది. నెత్తురు కట్టడానికి అంటే గడ్డిచామంతి. లైను పక్కన కంకర రాళ్ళలో కూడా మొలుస్తుంది, గేంగు పనిలో వేళ్ళు చితికితే పిన్ని భర్త అదే నలిపి పిండుకునేవాడట. ఎముక విరిగితే నల్లేరు, ఇక్కడివాళ్ళు హడ్‌జోడ్ అంటారు. పుస్తకంలో వైద్యురాలు ఎముక మందుని నోటితో నమిలి కట్టినట్టు ఉంది.

“పచ్చి నల్లేరు నమిల్తే నోరూ గొంతూ దురదెక్కి సస్తాది” అంది పిన్ని. “రాయి మీద ఎట్టి ఇంకో రాయితో నలగ్గొట్టమను. కాలితో తొయ్యలేదా రాయిని? తొయ్యగల్దు.”

అలా మందుపిల్లి రాయితో నలగ్గొట్టడం నేర్చుకుంది. జ్వరానికి నేలవేము ఇస్తే పిల్లి చేదుకి ఉమ్మేస్తుందని, ఎలక కడుపులో పెట్టి తినిపించమని చెప్పింది. వాంతి కావాలంటే గరిక చాలు, అది ఏ పిల్లికీ ఒకరు నేర్పక్కర్లేదని చెప్పింది. కుప్పింటాకు గురించి చెప్పినప్పుడు మాత్రం లేచి, చెప్పులు వేసుకుని, నన్ను క్వార్టర్ల వెనక మోరీ కాలవ గట్టుకి తీసుకెళ్ళింది. ఒక మొక్క వేరుతో పెకలించి అక్కడే పడేసి, దూరంగా నిలబడదాం రమ్మంది. కాసేపటికి కాలనీ పిల్లి ఒకటి వచ్చి ఆ వేరుని వాసన చూసి, మీద పడి దొర్లి, మొహం రాసుకుని, కళ్ళు సగం మూసుకుని అలా పడుకుంది.

“ఇది మందు గాదు” అంది పిన్ని. “ఆటికి కల్లు లాటిది. నీ మందుపిల్లి దీన్ని దాసి ఉంచుకోవాల. సావు దగ్గరకొచ్చిన పిల్లికి ఇస్తాది. నొప్పి మర్సిపోతాది గదా.”

పుస్తకంలో ఆ ఘట్టం ఉంది. చచ్చిపోతున్న పిల్లికి వైద్యురాలు ఏదో విత్తనాలు పెడుతుంది. నేను ఆ పేజీ ఇంకా పిన్నికి చదవనేలేదు.

కథ మధ్యలో పిల్లిపిల్లలకి ఒక రోగం వస్తుంది. వైద్యురాలి ఆకు పనిచెయ్యదు. మూడు పిల్లలు చచ్చిపోతాయి. గుంపంతా కలిసి దాన్ని ఏరు దాటించి తరిమేస్తుంది. అది చదివిన రోజు పిన్ని టీ గ్లాసు పక్కన పెట్టేసింది. తర్వాత తన సంగతి చెప్పింది. చాలా ఏళ్ళ కిందట కాలనీలో ఒక పిల్లకి పచ్చకామెర్లు వచ్చాయి. పిన్ని నేలుసిరి నూరి ఇచ్చింది. రెండో రోజున పిల్ల కళ్ళు చూసి, ఇది తన చేతిలో లేదని, ఆస్పత్రికి తీసుకెళ్ళమని చెప్పింది. వాళ్ళు నాలుగు రోజులు ఆగారు. పిల్ల దక్కలేదు.

“ఏడాది దాకా నా గుమ్మం ఎవులూ తొక్కలేదు. మీ అమ్మ ఒక్కర్తే వొచ్చీది. బతికితే ఆల పిల్ల అదురుస్టం, సస్తే నా ఆకు. అంతే ఉంటాది లోకం.”

ఆ మాటలు నేను పుస్తకంలో పెట్టలేదు. కాని ఆ అధ్యాయంలో ఏరు దాటే పిల్లి నడక రాస్తుంటే పిన్ని కుడికాలు కొంచెం ఈడ్చి నడిచే నడకే వచ్చింది. అది నా తెలివి అనుకుని సంతోషించాను.

పని అయిపోవస్తుండగా పిన్ని ఒక్కసారే అడిగింది. గుమ్మం దగ్గర నేను చెప్పులు వేసుకుంటున్నాను.

“బుక్కులో నా పేరు ఏస్తారేటి?”

నేను వెనక్కి తిరిగాను. పిన్ని నా వైపు చూడటం లేదు, తలుపు గొళ్ళెం చూస్తోంది.

“ఏదో అడిగినాను. రైలు పాసులో ఎప్పుడూ వైఫ్ అనే ఉండీది. రేషను కార్డులో పేరుంది గాని, హిందీ వోలు రాసినది మా వోడు సదివితే ఇంకెవుల పేరో లాగుంటాది. తెలుగులో నా పేరు ఎలగుంటాదో నాను సూళ్ళేదు. సూసినా తెల్దు లే.”

“ఆకుల పేర్లన్నీ నువ్వు చెప్పినవే పిన్నీ. నీ పేరు వేయించే పూచీ నాది” అన్నాను.

అనడం తేలిక. అప్పటికి ఆ మాట నిజంగానే అన్నాను.

హైదరాబాదు ఆఫీసులో నాతో మాట్లాడే ఎడిటరు చిన్నపిల్ల, మర్యాదస్తురాలు. మొదట్లో ఆకులు మార్చినందుకు అభ్యంతరం పెట్టింది. “అసలులో నమిలింది అనే ఉంది మేడం, మీరు రాయి ఎక్కడి నుంచి తెచ్చారు?” అని అడిగింది. నేను గంటసేపు వాదించాను. పచ్చి నల్లేరు నమిలితే ఏమవుతుందో చెప్పాను. మన పిల్లలు చదివి సరదాకి ఏ ఆకో నోట్లో పెట్టుకోవచ్చని చెప్పాను. చివరికి ఒప్పుకుంది. పుస్తకం చివర ‘మందుపిల్లి ఆకులు’ అని రెండు పేజీల పట్టిక వెయ్యడానికి కూడా ఒప్పుకుంది. ఆ పట్టికలో ప్రతి మాటా పిన్ని చెప్పినదే.

పుస్తకం ప్రెస్సుకి వెళ్ళే ముందు ఒక మధ్యాహ్నం ఫోను చేసింది.

“మేడం, పేర్ల పేజీ అసలు పబ్లిషర్ ఇచ్చిన ఫార్మాటు ప్రకారమే ఉండాలి. మనకి తెలుగులో ఒక్క లైను చోటిచ్చారు. ముందు అనువాదం సంపాదక బృందం అని వేద్దాం అనుకున్నాం, మొదటి డ్రాఫ్టు మెషీనుది కదా. మీరు ఇంత పని చేశారని నేను పైవాళ్ళతో మాట్లాడాను. మీ పేరు వెయ్యొచ్చు. కాకపోతే మీ పిన్నిగారి పేరుతో మీరు పంపిన కృతజ్ఞతల లైను పట్టదు. లేదా ఆవిడ పేరు ఉంచి మీది తీసేద్దాం. ఏది ఉంచమంటారు?”

“రెండు పేర్లూ పక్కపక్కన వెయ్యలేరా?”

“ఒక్క పేరే మేడం. అడిగి చూశాను.”

ఆలోచించుకుని చెబుతానని అనొచ్చు. ఒక పూట గడువు అడగొచ్చు. నేను ఊపిరి తీసుకునేంత సేపు కూడా ఆగలేదు.

“నా పేరే వెయ్యండి” అన్నాను.

ఫోను పెట్టేశాక కారణాలు వెతుక్కున్నాను. ఇరవై ఆరేళ్ళు తెలుగు చెప్పినదాన్ని. లైబ్రరీ తాళాలు మోసినదాన్ని. నా పేరు తెలుగు అక్షరాల్లో అచ్చయింది నా పెళ్ళి శుభలేఖ మీద ఒక్కసారే. పిన్నికి చదువే రాదు కదా, ఆవిడకి పేరు ఉన్నా లేనట్టే. ఇందులో ఆఖరి కారణం నాకు అన్నిటికన్నా గట్టిగా కనిపించింది. ఇప్పుడు ఈ కాగితం మీద రాస్తుంటే అన్నిటికన్నా నీచంగా కనిపిస్తోంది.

పుస్తకాలు ఎండాకాలం మొదట్లో వచ్చాయి. ఆరు కాపీలు. ఒకటి పిన్నికి తీసుకెళ్ళాను. దారిలో నిజం చెప్పేద్దామనే అనుకున్నాను, మాటలు కూడా కూర్చుకున్నాను. ఒక్క పేరుకే చోటిచ్చారు పిన్నీ, వచ్చే పుస్తకంలో తప్పకుండా వేస్తారు, అని. గుమ్మంలో అడుగు పెట్టేసరికి పిన్ని ఉతికిన చీర కట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. కోడలు పక్కింటావిడని కూడా పిలిచింది. పళ్ళెంలో పుస్తకం పెట్టి ఇమ్మన్నారు. పిన్ని అట్ట మీద పిల్లి బొమ్మ చూసి, “బాగానే గీసినాడు, మీసాలు పొట్టిగున్నాయి” అంది. తర్వాత అట్ట తెరిచింది.

“నా పేరెక్కడున్నాది?”

పక్కింటావిడ చూస్తోంది. కోడలు ఫోనుతో ఫొటో తియ్యడానికి నిలబడింది. నేను వంగి, పేర్ల పేజీ తిప్పి, నా పేరు మీద వేలు పెట్టాను.

“ఇదిగో పిన్నీ.”

పిన్ని నా వేలు తీసేసి తన వేలు పెట్టింది. ఆ లైను మొదటి నుంచి చివరి దాకా వేలితో మెల్లగా తడిమింది. మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకోసారి తడిమింది.

“ఇంత పొడుగుంటాదా నా పేరు?”

“ఆ” అన్నాను.

“గారు అని కూడా ఏసినారేటి?”

“వేశారు” అన్నాను. వెయ్యలేదు.

కోడలు ఫొటో తీసింది. ఆ ఫొటో ఇప్పటికీ వాళ్ళ ఫోనులో ఉంటుంది. పిన్ని వేలు నా పేరు మీద ఉంటుంది, నేను పక్కన నవ్వుతూ ఉంటాను.

ఆ తర్వాత నాలుగు నెలలు పిన్ని ఆ పుస్తకాన్ని దేవుడి గూట్లో పెట్టుకుంది. ఆకు కోసం వచ్చిన ప్రతివాళ్ళకీ తీసి చూపించేది. వాళ్ళెవరికీ తెలుగు చదవడం రాదు. ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు అట్ట మీద పిల్లిని చూసి నవ్వేవారు, పిన్ని ఆ పేజీ తెరిచి ఆ లైను చూపించి, “మోర్ నామ్” అని చెప్పేది. నా పేరు అని. ఒకసారి నేను అక్కడ ఉండగానే అలా చెప్పింది. నేను గ్లాసులో ఉన్న నీళ్ళన్నీ తాగాను, దాహం లేకపోయినా. ఆ రోజయినా చెప్పి ఉండొచ్చు. రేపు చెబుదాం అనుకున్నాను, ఆ తర్వాత ఇంక చెప్పకుండానే జరిగిపోతుందని నమ్మడం మొదలుపెట్టాను.

వానాకాలంలో మా ఊళ్ళోని దయాల్‌బంద్ పేటలోకి ఒక బ్యాంకు ఆఫీసరు కుటుంబం బదిలీ మీద వచ్చింది. వరంగల్ వాళ్ళు. ఆయన భార్యకి మోకాళ్ళ నొప్పులు, ఎవరో చెబితే వాయిలాకు కోసం పిన్ని దగ్గరికి వెళ్ళింది. వినాయకచవితి పందిట్లో ఆవిడే నాకు ఎదురై పలకరించింది.

“ఆ పిల్లుల పుస్తకం మీరు చేసిందేనటగా అండీ. పిన్నిగారు చూపించారు. పాపం, ఆవిడ తన పేరుందని చెప్పారు. నేను చదివి, ఇది మీ పేరు కాదండీ, అనువాదం చేసినావిడ పేరు అని చెప్పాను. పుస్తకం అంతా తిరగేశాను, ఆవిడ పేరు ఎక్కడా లేదండీ. వేరే పేజీలో వేశారా?”

ఆవిడ అడగడంలో ఏ దురుద్దేశమూ లేదు. ప్రసాదం దొన్నె చేతిలో పట్టుకుని నా జవాబు కోసం చూస్తోంది.

“పిన్ని ఏమంది?” అని అడిగాను.

“ఏమనలేదండీ. మళ్ళీ ఒకసారి చదవమన్నారు. చదివాను. తర్వాత నాకు వాయిలాకు ఎలా కాచుకోవాలో చెప్పారు.”

నేను నాలుగు రోజులు ఇల్లు కదల్లేదు. అయిదో రోజు వెళ్ళాను. పిన్ని వాకిట్లో కూర్చుని లాల్ భాజీ ఆకుకూర ఏరుతోంది. నన్ను చూసి పక్కకి జరిగి పీట చూపించింది. నేను కూర్చున్నాను. దేవుడి గూట్లో పుస్తకం లేదు. పిన్ని పక్కన, వార్తాపత్రిక కాగితంలో చుట్టి ఉంది.

“ఒక్క పేరుకే చోటిచ్చారు పిన్నీ” అన్నాను.

“అలగా.”

“నీదో నాదో తేల్చుకోమన్నారు.”

“నీదే ఏయించుకున్నావు. బాగున్నాది. సదువుకున్నదానివి, కూకుని రాసినావు, నీ కష్టం నీది. దానికి నానేటి అనను. నేదు పిన్నీ, నీ పేరు ఎయ్యనేదు అంటే ఊరుకుందును గదా. ఎన్నిటికి ఊరుకోలేదు నాను.”

కాడలు తుంచుతూనే ఉంది. ఆవిడ చేతులు ఆగలేదు.

“నీ పేరు మీద నా ఏలు ఎట్టించినావు సూడు. పదిమందికీ తీసి సూపించుకున్నాను. గుడ్డిదాన్ని సేసినావు నన్ను. సదువు రాపోతే గుడ్డిదాన్నేటి?”

నేను ఏడ్చాను. పిన్ని నన్ను ఓదార్చలేదు, కసరలేదు. నేను కళ్ళు తుడుచుకునేదాకా ఆగి, కాగితం చుట్టిన పుస్తకం నా ఒళ్ళో పెట్టింది.

“పట్టుకెళ్ళు. నీ పేరున్న బుక్కు నీ కాడే ఉండాల.”

కోడలు లోపల్నుంచి టీ తెచ్చింది. ఆవిడకి ఎంత తెలుసో నాకు తెలియలేదు. టీ తాగి వచ్చేశాను.

నిజంగా సిగ్గుపడిన మనిషి అక్కడితో ఆగిపోయేది. నేను ఆగలేదు. దసరా తర్వాత రెండో పుస్తకం వచ్చింది. ఎడిటరు చాలా సంతోషంగా చెప్పింది, మొదటి పుస్తకంలో పిల్లలకి మందుపిల్లే బాగా నచ్చిందట, చివర ఆకుల పట్టిక ఈసారి ఇంకా పెద్దది కావాలట. ఈసారి ఇరవై దాకా మొక్కలు ఉన్నాయి. నేను మొదట పేర్ల పేజీ సంగతే అడిగాను. ఈసారి రెండు పేర్లు వెయ్యడానికి ఒప్పించాను, ఉత్తరం కూడా తెప్పించుకున్నాను. ఆ ఉత్తరం పట్టుకుని, పాపం కడిగేసుకున్నదానిలా, పిన్ని దగ్గరికి వెళ్ళాను.

ఉత్తరం చదివి వినిపించాను. పిన్ని విని, పీట నా వైపు జరిపింది. సరేనన్నట్టే అనిపించి, నేను ఫోను తీసి మొదటి మొక్క సంగతి చెప్పాను. కళ్ళు కలకపడిన పిల్లిపిల్లకి వైద్యురాలు వేసే ఆకు. ఎప్పుడూ బొమ్మ చూడని పిన్ని ఈసారి చెయ్యి చాచి ఫోను తీసుకుంది. కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది.

“ఇది గడ్డి” అంది.

రెండోది చూపించాను.

“ఇదీ గడ్డే.”

“పిన్నీ, కడుపులో పురుగులు పోవడానికి ఇస్తుంది దీన్ని. మనకి దేనితో పోతాయి?”

“నాకు తెల్దు.”

“నీకు తెలీకపోవడం ఏమిటి?”

“దేశం కాని దేశం పిల్లులు. ఆటి రోగాలు నాకేటి తెల్సు? గడ్డి అని రాసీ. గడ్డే గదా అంతా.”

ఫోను నాకు తిరిగి ఇచ్చింది. గొంతులో కోపం లేదు. గిట్టని సరుకు తిప్పి పంపినట్టు ఇచ్చింది. అంతలో ఒక ఛత్తీస్‌గఢీ అమ్మాయి చంకలో చంటిదాన్ని పెట్టుకుని వచ్చింది. చంటిదానికి కడుపు ఉబ్బరం. పిన్ని లేచి లోపలికి వెళ్ళి, డబ్బాలోంచి ఏదో పొడి తెచ్చి, అది ఏమిటో, ఎంత వెయ్యాలో, ఏ నీళ్ళలో కలపాలో, ఆ అమ్మాయికి వాళ్ళ భాషలో వివరంగా చెప్పింది. నేను పీట మీదే కూర్చుని ఉన్నాను. నా ముందే చెప్పింది, నా కోసం గొంతు తగ్గించలేదు, పెంచలేదు. నోటుపుస్తకం నా ఒళ్ళోనే ఉంది. దాన్ని తెరవలేదు.

రెండో పుస్తకం ఇంటర్నెట్టు చూసి చేశాను. ఒక నిఘంటువు, రెండు వెబ్‌సైట్లు, ఒకదానితో ఒకటి పడని పేర్లు. ఎక్కడ తేలకపోతే అక్కడ ‘ఒక చేదు ఆకు’ అని, ‘ఏటి ఒడ్డున మొలిచే తీగ’ అని రాసి దాటేశాను. వైద్యురాలు అన్నిటినీ నమిలింది. రాయి మాట నేను ఎత్తలేదు, ఎందుకు నమలకూడదో చెప్పేవాళ్ళు పక్కన లేరు. పంపి వారం తిరక్కుండా ఎడిటరు ఫోను చేసింది.

“ఈసారి చాలా స్మూత్‌గా ఉంది మేడం. మొదటిదానికన్నా బాగా వచ్చింది. మాకు ఎక్కడా ప్రశ్నలే రాలేదు.”

రెండో పేరు ఏమి వెయ్యాలని అడిగింది. ఆవిడ ఈ పుస్తకానికి పనిచెయ్యలేదని చెప్పాను. అది నిజమే. అప్పుడు ఆ లైనులో మళ్ళీ నా పేరు ఒక్కటే మిగిలింది.

పిన్ని నాతో మాట్లాడటం మానలేదు. మానేస్తే బాగుండేదని ఒక్కోసారి అనిపిస్తుంది. బుధవారీ బజారులో కనిపిస్తే నిలబడి, మా ఆయన షుగరు ఎలా ఉందో అడుగుతుంది, కొడుక్కి ప్రమోషను రాలేదని చెబుతుంది. దయాల్‌బంద్ ఆవిడ వారం వారం వస్తోందట, పిన్ని చెప్పినవి రాసుకుంటోందట. ఆ మాట కూడా పిన్నే చెప్పింది, కూరగాయల ధర చెప్పినట్టు.

మొన్న పుష్యమాసంలో నాకు దగ్గు పట్టుకుంది. మూడు వారాలైనా తగ్గలేదు. ఒక ఉదయం గేటు దగ్గర పాలవాడి కోసం నిలబడి దగ్గుతుంటే పిన్ని అటుగా వెళుతూ ఆగింది. శాలువా సవరించుకుంది. నా దగ్గు అయ్యేదాకా నిలబడి విన్నది. ఏ దగ్గో ఆవిడకి వినగానే తెలిసిపోతుంది, అది నాకు తెలుసు. ఏదో ఒక ఆకు పేరు చెబుతుందని ఎదురుచూశాను.

“డాక్టరికి సూపించుకోమ్మా” అంది. “ముదరబెట్టుకోకు.”

సరే పిన్నీ అన్నాను. ఆవిడ కుడికాలు ఈడ్చుకుంటూ వీధి మలుపు దాకా వెళ్ళి, అక్కడ ఎవరో పలకరిస్తే నిలబడి మాట్లాడుతోంది. నేను పాలు తీసుకుని లోపలికి వచ్చేశాను.